పిల్లల తల్లి రాయాలంటే ముందు తోడు వెతుక్కోవాలి

రాయాలని ఉన్న తల్లులకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, ఇల్లు మేలుకునేలోగా రాసుకోండి. నేను ఆ సలహా ఎవరికీ ఇవ్వను. రాత్రి పదకొండింటికి గిన్నెలు బోర్లించి, రెండింటికి చంటిదానికి పాలిచ్చి, ఐదున్నరకు క్యారేజీల కోసం లేచే మనిషిని ఆ కాస్త నిద్రలోంచి ఇంకో గంట తీసి ఇమ్మనడం న్యాయం కాదు. పైగా ఆ గంట నిలవదు. ఒంటరిగా దాచుకున్న గంట పిల్లవాడికి జ్వరం వస్తే పోతుంది, చుట్టాలు దిగితే పోతుంది, కరెంటు పోతే పోతుంది. పోయినా ఎవరూ బాధపడరు, ఎందుకంటే అది ఉందనే ఎవరికీ తెలియదు. నలుగురు ఆడవాళ్లకు మాట ఇచ్చిన గంట అలా పోదు. "వాళ్లు నా కోసం ఎదురుచూస్తుంటారు" అన్న మాటకు మన ఇళ్లలో ఉన్న విలువ "నేను రాసుకోవాలి" అన్న మాటకు ఇంకా రాలేదు. ఉన్న విలువను వాడుకుందాం. నేను చెప్పే పద్ధతిలో మొదట వెతకవలసింది మనుషులను. తీరిక వాళ్ల వెనకే వస్తుంది.

నేను కోనసీమలో రాజోలు వైపు ఒక ఊళ్లో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఇద్దరు పిల్లలు. మా బృందంలో లేసు అల్లే ఆవిడ ఉంది. అంగన్‌వాడీ టీచరు ఉంది. భర్త కువైట్‌లో ఉండగా ముగ్గురు పిల్లలను ఒక్కతే చూసుకుంటున్న అమ్మాయి ఉంది. రొయ్యల ప్లాంటులో పనికి వెళ్లే ఆమె ఉంది. డిగ్రీ సగంలో ఆపి పెళ్లి చేసుకున్న కోడలు ఉంది. అందరం తల్లులమే. ఇక్కడ రాస్తున్నది మా మధ్య నిలిచిన పద్ధతి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

"మీరు కథలు రాస్తారా?" అని అడిగితే మన వైపు ఏ ఇల్లాలూ అవునని చెప్పదు. నవ్వి, తల అడ్డంగా ఊపి, బియ్యం ఏరుకుంటూ ఉండిపోతుంది. అందుకని వేరే ప్రశ్నలు అడగండి. "మీ అమ్మమ్మ చెప్పిన కథ ఏదైనా గుర్తుందా వదినా?" "బళ్లో వ్యాసరచనకు ఎప్పుడైనా బహుమతి వచ్చిందా?" "1996 నవంబరు తుఫాను రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ తలదాచుకున్నారు?" ఈ చివరి ప్రశ్న కోనసీమలో ఏ గుమ్మం దగ్గర అడిగినా జవాబు దొరుకుతుంది. ఆ రాత్రికి పుట్టనివాళ్లు కూడా అమ్మ చెప్పగా విన్నది చెబుతారు. చెబుతున్నప్పుడు గమనించండి. మామగారు ఏమన్నాడో మామగారి గొంతుతోనే పలికే మనిషి, కూలిన కొబ్బరిచెట్ల లెక్కతో ఆగిపోకుండా దూడ ఏ మూల నక్కిందో చెప్పే మనిషి మీకు కావలసిన మనిషి. ఆమెకు కథ వచ్చు. కాగితం మీద పెట్టడం నేర్చుకోవచ్చు.

బడి బస్సు కోసం నిలబడే చోట, పిల్లలకు టీకాలు వేయించే రోజున, లేసు అల్లేవాళ్లు కూర్చునే అరుగు మీద, సఖినేటిపల్లి రేవు నుంచి గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు (పెద్ద పడవ) మీద చూడండి. దుబాయికో మస్కట్‌కో పొడుగాటి వాయిస్ మెసేజీలు పెట్టే అమ్మాయిలను ముఖ్యంగా చూడండి. ఇంట్లో జరిగింది ఇంట్లో లేని మనిషికి కళ్లకు కట్టినట్టు చెప్పడం వాళ్లకు రోజూ పని. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది దాచి చివర్లో చెప్పాలో వాళ్లకు బాగా తెలుసు.

ఐదుగురు, ఆరుగురు చాలు. దీనికి లెక్క ఉంది. పిల్లల తల్లి ఇంటి నుంచి బయట ఉండగలిగేది మహా అయితే రెండు గంటలు. ఒక్కొక్కరు చదవడానికీ, ఆ రచన గురించి మాట్లాడుకోవడానికీ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరుగురు దాటితే ఎవరో ఒకరు చదవకుండానే ఇంటికి వెళతారు. వచ్చి చదవకుండా వెళ్లిన తల్లి రెండోసారి ఇంట్లో ఒప్పించి రాలేదు. ఎక్కువమంది ఉత్సాహపడితే రెండు బృందాలు చేయండి.

ఎక్కడ కలవాలి

ఎవరింట్లోనూ వద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మన ఊళ్లలో ఇళ్లు పేటలుగా ఉంటాయి. ఎవరింట్లో పెట్టినా ఆ గడప తొక్కడానికి వెనకాడే ఆడవాళ్లు, తొక్కనివ్వని పెద్దలు ఊళ్లో ఉంటారు. ఆ సంగతి పైకి ఎవరూ అనరు, రావలసినవాళ్లు ఊరికే రాకుండా పోతారు. రాయగలిగినవాళ్లలో సగం మందిని మొదటి రోజే పోగొట్టుకున్న బృందం ఏమి వింటుంది, ఏమి రాస్తుంది? అందరికీ సమాన హక్కున్న చోటు చూడండి. శాఖా గ్రంథాలయం అన్నిటికంటే మంచిది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళుతుంది, కాబట్టి అక్కడ కూర్చోవడం ఎవరి దయా కాదు. గ్రంథాలయాలు పొద్దున, సాయంత్రం రెండు పూటలుగా నడుస్తాయి. సెలవు రోజు కనుక్కుని, ఐదుగురు సంతకాలు పెట్టిన ఒక ఉత్తరం లైబ్రేరియన్‌కు ఇవ్వండి: నెలకు రెండుసార్లు, రెండేసి గంటలు, ఒక బల్ల చాలు, మాటలు మెల్లగా ఉంటాయి, పిల్లలు వరండాలో ఉంటారు. చదివేవాళ్లు తగ్గిన గ్రంథాలయానికి పాఠకులు పెరగడం కూడా లాభమే, ఆ మాట కూడా ఉత్తరంలో రాయండి. గ్రంథాలయం లేని ఊళ్లో ఆదివారం పూట బడి గది అడగండి.

ఇంట్లో పెద్దవాళ్లు "ఆడవాళ్లకు ఈ కొత్త పోకడలు ఎందుకు?" అంటే చెప్పడానికి చరిత్ర మన వైపే ఉంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1883లోనే ఆడవాళ్ల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టారు. 1902లో ఏలూరులో మొదలైన హిందూసుందరి పత్రికకు ఆడవాళ్లే సంపాదకులు. తరువాత అది కాకినాడ నుంచి వచ్చింది. నూట ఇరవై ఏళ్ల కిందటే మన గోదావరి జిల్లాల్లో ఆడవాళ్లు పత్రికకు రాశారు, సంపాదకులుగా కూడా పనిచేశారు. మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే: "అప్పుడు వాళ్ల పిల్లలను ఎవరు చూసేవారే?" సరైన ప్రశ్న అది. మనం తేల్చుకోవలసిన సంగతీ అదే.

పిల్లల సంగతి

పిల్లలను వదిలి రమ్మంటే రాలేని తల్లులే ఎక్కువ. కాబట్టి పిల్లలతోనే రావాలి. ప్రతి సమావేశానికీ ఒకరు పిల్లల వంతు తీసుకోవాలి. ఆ రోజు ఆమె తన రచన చదవదు, వరండాలో పిల్లలతో ఉంటుంది. ఆమె రచన తరువాతి సమావేశంలో అందరికంటే ముందు చదవాలి. వంతు రాతపూర్వకంగా ఉండాలి, లేకపోతే మెత్తని మనిషి ఒకరే ఎప్పుడూ వరండాలో మిగిలిపోతుంది. పాత క్యాలెండర్ కాగితాలు, రంగు పెన్సిళ్లు, కొన్ని కొబ్బరాకులు ఉంటే చాలు. బూరలూ గాలిమరలూ చేసుకుంటూ రెండు గంటలు గడిపేస్తారు. ఆకలికి అరటిపళ్లు. ఫోను ఇచ్చి కూర్చోబెట్టకండి, ఒకరి దగ్గర ఉంటే అందరికీ కావాలంటారు. పాలు తాగే బిడ్డ మాత్రం తల్లి ఒడిలోనే ఉంటుంది. చదువుతుండగా బిడ్డ ఏడిస్తే పక్కనున్న ఆమె కాగితం అందుకుని అక్కడి నుంచే చదవాలి. మన వాక్యాలు ఇంకొకరి నోట వినడం వల్ల తడబడే చోట్లు తెలుస్తాయి, అది వేరే లాభం.

డ్వాక్రా నుంచి తీసుకోవలసినవి

సమావేశం నడపడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. డ్వాక్రా సంఘంలో ఉన్న ప్రతి మనిషికీ అది వచ్చు: నిర్ణయించిన తేదీ, తీర్మానాల పుస్తకం, చిన్న పొదుపు, ఒకరి తరువాత ఒకరికి బాధ్యత. అవన్నీ అలాగే తెచ్చుకోండి. తలా పది రూపాయల పొదుపు జిరాక్సులకూ పత్రికల చందాకూ సరిపోతుంది. తీర్మానాల పుస్తకంలో ఎవరు ఏమి చదివారో, తరువాతి సారికి ఎవరు ఏమి తెస్తామన్నారో రాసి సంతకాలు పెట్టండి. సంతకం పెట్టిన మాట మన ఆడవాళ్లు తప్పరు. బ్యాంకు అప్పులు తీర్చిన తీరే దానికి సాక్ష్యం.

చదివేటప్పుడు పాటించవలసినవి మాత్రం డ్వాక్రాలో లేవు, మేము పెట్టుకున్నవి. చదివే ముందు "అంత బాగా రాలేదు" అనకూడదు. చదవడం అయ్యాక విన్నవాళ్లు మొదట తమకు గుర్తుండిపోయిన ఒక వాక్యమో దృశ్యమో చెప్పాలి. తరువాత అర్థం కాని చోటు అడగాలి. సూచనలు ఆ తరువాతే, రాసిన మనిషి కావాలంటేనే. అన్నిటికంటే ముఖ్యమైనది: కథ గురించి మాట్లాడాలి, బతుకు గురించి సలహా ఇవ్వకూడదు. తాగి వచ్చే మొగుడి గురించి ఒకరు కథ చదివితే "నువ్వు ఇలా చెయ్యి, మీ అన్నయ్యను పిలిపించు" అని మొదలుపెట్టడం మనకు అలవాటు. అలా మొదలైన రోజు ఆమె మళ్లీ నిజం రాయదు. నిజంగా సాయం కావలసిన సంగతి అనిపిస్తే సమావేశం అయ్యాక, ఇంటికి నడిచేటప్పుడు, ఒకరే అడగాలి. చదివిన సంగతి ఆ గది దాటకూడదు.

ఇంట్లో ఎలా చెప్పాలి

"నాకు కాస్త టైము కావాలి" అని అడగకండి. కాస్త అన్నది ఎవరికీ కనిపించదు. తేదీ, వేళ, చోటు, వెనక ఏర్పాటు నాలుగూ కలిపి చెప్పండి: "ఏమండీ, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా గ్రంథాలయంలో ఉంటాను. చిన్నదాన్ని తీసుకెళతాను, పెద్దవాడు మీ దగ్గర ఉంటాడు. అత్తయ్యగారి కాఫీకి పాలు కాచి ఉంచుతాను, వేడి చేసి ఇవ్వండి." ఇంతే. బతిమాలవద్దు, వివరణ వద్దు. మొదటి కొన్నిసార్లు ముఖాలు ముడుచుకుంటాయి. తేదీ మారకుండా ఉంటే ఇంట్లో వాళ్లే ఆ ఆదివారం వేరే పని పెట్టుకోకుండా చూసుకుంటారు. అత్తగారితో వేరేగా ఒక పని చేయండి. ఆవిడ చెప్పిన పాత సంగతి ఒకటి రాసి, ఆవిడకే చదివి వినిపించండి. తన మాట కాగితం మీద చూసుకున్న పెద్దావిడ మీ పక్షాన నిలబడుతుంది.

మిగిలిన రోజుల్లో రాత

సమావేశం తేదీ పడిన తరువాత రోజువారీ పని సులువవుతుంది, ఎందుకంటే ఫలానా ఆదివారానికి రెండు పేజీలు తేవాలని తెలుసు. ఇప్పుడు చిన్న చిన్న ఖాళీలు పనికొస్తాయి: అన్నం ఉడికేలోపు, బడి బస్సు వచ్చేలోపు, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ. వీటిలో కొత్త కథ ఊహించడం కష్టం, మొదలైన కథను నాలుగు వాక్యాలు నడపడం సాధ్యం. దీనికి ఒక కిటుకు ఉంది. లేచే ముందు, తరువాత రాయవలసిన వాక్యం సగం రాసి వదిలేయండి. రేపు కూర్చున్నప్పుడు ఆలోచించనక్కరలేదు, సగం వాక్యం పూర్తి చేయడమే పని. నోటుపుస్తకంలో కుడి పేజీ కథకు, ఎడమ పేజీ విన్న మాటలకు ఉంచుకోండి. కొబ్బరికాయల దింపుకు వచ్చిన మనిషి అన్న మాట, బస్సులో ఇద్దరి తగువు, కూరగాయల బేరం అన్నీ ఎడమ పేజీకే. కథలో పాత్ర మూగగా నిలబడిపోయినప్పుడు ఎడమ పేజీ చూస్తే మాట దొరుకుతుంది.

చేతులు ఖాళీ లేనివాళ్లకు ఫోను పనికొస్తుంది. మా బృందంలో లేసు అల్లే ఆవిడకు సూది ఆగితే కూలి ఆగుతుంది. ఆవిడ కథలన్నీ నోటితో చెప్పినవే. ఫోనులో టైపు చేసే కీబోర్డు జీబోర్డు అయితే, దాని సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుని, కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి. రెండు మూడు వాక్యాలు చెప్పి ఆపి చూసుకోండి, పేర్లూ యాస మాటలూ తప్పు పడతాయి, చుక్కలూ కామాలూ తరువాత మనమే పెట్టుకోవాలి. మన యాసలో పాత్ర మాట్లాడే చోట మాత్రం మామూలుగా గొంతు రికార్డు చేసుకుని, తరువాత చేత్తో రాయడం మేలు. ఆ మాటల అందం యంత్రం దిద్దితే పోతుంది. రాసినది ఏదైనా ఆ రోజే ఇంకో సభ్యురాలికి పంపించి ఉంచండి. ఫోను పిల్లల చేతిలోంచి జారి పగిలినా కథ మిగులుతుంది.

డెల్టా క్యాలెండరు

పట్నంవాళ్లు చెప్పే "రోజూ రాయాలి" అనే నియమం మన పనులకు కుదరదు. మన ఏడాది నీటితో నడుస్తుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు, బడులు తెరుస్తారు. యూనిఫారాలు కుట్టే నాలాంటివాళ్లకు ఊపిరి ఉండదు. తరువాత సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు, శ్రావణంలో నోములూ వ్రతాలూ, వాటి మధ్యలో వరద. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, నది మధ్య లంక గ్రామాల వాళ్లు బయలుదేరవద్దు, ఆ సమావేశం ఫోనులోనే జరపాలి అని ముందే తీర్మానం రాసుకోండి. ఈ నెలల్లో ఎడమ పేజీ నింపితే చాలు. మంచి రాత నెలలు కార్తీకంలో ఒకసారి, సంక్రాంతి హడావుడి తగ్గాక ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి వస్తాయి. దాళ్వా (రెండో పంట వరి) పనికి వెళ్లే సభ్యురాలు ఉంటే ఊడ్పులు ముగిసేదాకా ఆమెను రాయమని తొందరపెట్టకండి. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, మధ్యాహ్నపు నిశ్శబ్దం పోతుంది. అప్పటికి పెద్ద కథలు పూర్తయి ఉండాలి. మే నెలలో ఆవకాయలు, పెళ్లిళ్లు, సెలవులకు వచ్చిన ఆడపడుచుల పిల్లలు. సమావేశాలు ఆపేయండి. ఆపుతున్నామనీ, జూన్ ఏ తేదీన తిరిగి కలుస్తామనీ పుస్తకంలో రాసి ఆపండి. తేదీ రాయకుండా ఆపితే బృందం చెదిరిపోతుంది.

ప్రసవానికి పుట్టింటికి వెళ్లే సభ్యురాలి పేరు పుస్తకంలోంచి తీయకండి. వారానికి ఒకరు ఫోను చేసి తమ రచన వినిపించాలి. ఆమె ఏదైనా చెప్పాలనుకుంటే విని, ఆమె మాటల్లోనే రాసిపెట్టాలి. బాలింత చెప్పే మాటలు తెలుగులో చాలా తక్కువగా అచ్చయ్యాయి. నొప్పుల గదిలో తనతో ఎవరు ఎలా మాట్లాడారో, మొదటి రాత్రి బిడ్డ ముఖం చూసి నిజంగా ఏమనిపించిందో ఆరు నెలలైతే ఆమే మరిచిపోతుంది.

ఊరివాళ్లు గుర్తుపడితే

మన ఊళ్లో ఎవరి కథ రాసినా నాలుగు రోజుల్లో ఎవరిదో తెలిసిపోతుంది. పేరు మార్చడం చాలదు. వృత్తి, పిల్లల సంఖ్య, ఊరు మూడూ మార్చండి: పాలకొల్లు లేసు వ్యాపారిని అంబాజీపేట కొబ్బరి వ్యాపారి చేయండి. మనిషి లోపలి సంగతి చెక్కుచెదరదు. బతికి ఉన్న ఆడమనిషి తన నోటితో మీకే చెప్పిన రహస్యమైతే ఆమె ఒప్పుకునేదాకా పత్రికకు పంపవద్దు. బృందంలో చదవడానికి కూడా అడగండి. కలం పేరు పెట్టుకోవాలనుకునేవాళ్లను పెట్టుకోనివ్వండి, ధైర్యం చాలక అనవద్దు.

పత్రికలకు పంపడం

ఏడాదికి ఒక్కొక్కరు ఒక్క రచన పంపగలిగినా బాగా చేసినట్టే. స్త్రీల రచనలకు భూమిక లాంటి పత్రికలు ఉన్నాయి. ప్రజాస్వామిక రచయిత్రుల వేదిక లాంటి సంఘాల సభలకు ఎప్పుడైనా ఇద్దరు కలిసి వెళ్లి రండి. దూరపు రచయిత్రులతో పరిచయం అక్కడే అవుతుంది. ఈమాట లాంటి వెబ్ పత్రికలు 1998 నుంచే ఉన్నాయి, పోస్టు ఖర్చు లేదు. ఏ పత్రికకు పంపినా ముందు దాని రెండు సంచికలు చదవండి. రచన యూనికోడ్‌లో ఉండాలి (జీబోర్డుతో పడే అక్షరాలు అవే). నిడివి వాళ్లు చెప్పినదాన్ని మించకూడదు. ఇది సొంత రచన, ఇంకెక్కడా అచ్చుకాలేదు, పరిశీలనలో లేదు అని హామీ రాయాలి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపవద్దు. పంపిన తేదీ తీర్మానాల పుస్తకంలో వేయండి. మూడు నెలలు జవాబు రాకపోతే ఒక ఉత్తరం రాయండి, అప్పటికీ రాకపోతే వెనక్కు తీసుకుంటున్నామని తెలియజేసి ఇంకో పత్రికకు పంపండి. తిరిగి వచ్చిన కథను తరువాతి ఆదివారం మళ్లీ బృందంలో చదవాలి. ఈసారి రాసినామె కాకుండా, ఇంకొకరు చదవాలి.